తలకట్లు లేని జవాబులు

మొన్న ఆదివారం మనవరాలు నన్ను ఆబిడ్స్‌కి లాక్కుపోయింది, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూడాలని. దానికి స్కూల్లో బొమ్మల సబ్జెక్టు ఉంది. బొమ్మలు వేస్తే చాలదట, థియరీ పరీక్ష కూడా రాయాలట. దారంతా ఒకటే సణుగుడు. "బొమ్మ వేయడం వచ్చాక దాని గురించి మళ్ళీ రాయడం ఎందుకమ్మమ్మా?" అంటుంది. ఆ మాట నేనూ అన్నదాన్నే. దానికంటే గట్టిగా అన్నాను.

పుస్తకాల వరస దాటి మలుపు తిరిగేసరికి ఒక బట్టల కొట్టు మీద ఫ్లెక్సీ సగం ఊడి గాలికి కొట్టుకుంటోంది. దాని వెనక పాత రేకు బోర్డు. పసుపు మీద ఎర్ర అక్షరాలు, పక్కన నల్ల నీడ. సగం తుప్పు తినేసింది. మిగిలిన సగంలో ఒక 'మ' నిండు పొట్టతో అలాగే కూర్చుని ఉంది. నేను రోడ్డు మీదే ఆగిపోయాను.

"ఏమైంది? కళ్ళు తిరుగుతున్నాయా?" అని మనవరాలు చెయ్యి పట్టుకుంది.

"నా కళ్ళకేం, బాగానే ఉన్నాయి. ఆ 'మ' నేను నింపింది."

"నువ్వు రాశావా?"

"రాయలేదు. నింపాను. అప్పటికి నాకు చదవడం రాదు."

అది నవ్వింది. చదవడం రానిది అక్షరాలెలా వేస్తుందని దాని అనుమానం. నవ్వుకోనీ. మా కాలంలో అలాంటివి జరిగేవి.

రాష్ట్రం కలిసి రాజధాని ఇక్కడికొచ్చిన కొత్తల్లో మా నాన్న కృష్ణా జిల్లా నుంచి బ్రష్షుల మూట కట్టుకుని వచ్చాడు. అప్పటిదాకా ఇక్కడి బోర్డుల మీద ఉర్దూ ఉండేది, ఇంగ్లీషు ఉండేది. ఒక్కసారిగా ఆఫీసుకీ కొట్టుకీ హోటలుకీ తెలుగు వరస కావాల్సొచ్చింది. వేసేవాళ్ళు తక్కువ. నాంపల్లి స్టేషన్ పక్క సందులో, ఒక కాంపౌండులో ముందు గది కిరాయికి తీసుకుని కొట్టు పెట్టాడు. వెనక గదిలో మా కాపురం. ఒక పక్క బేకరీ. టర్పెంటైనూ అవిసె నూనే ఒకవైపు, బేకరీలో కాలే ఉస్మానియా బిస్కెట్లు ఒకవైపు, వాటి మీద రైలింజన్ బొగ్గు పొగ. ఆ మూడూ కలిస్తేనే నాకు హైదరాబాద్. మా అమ్మకి మాత్రం అది నరకం. "పప్పులో కూడా రంగు వాసనేనండీ, తిరగమోత ఎందుకు పెడుతున్నానో నాకే తెలియట్లేదు" అని నాన్న మీద విరుచుకుపడేది. ఆయన ఆ పప్పే రెండోసారి వడ్డించుకునేవాడు.

నన్ను బడికి పంపకపోవడానికి పెద్ద కథేం లేదు. ఊళ్ళో మా అమ్మమ్మ దగ్గర గేదెల వెంట తిరుగుతూ పెరిగాను. ఇక్కడికి తీసుకొచ్చేసరికి ఒకటో తరగతి వయసు ఎప్పుడో దాటిపోయింది. "ఇప్పుడు దీన్ని చిన్నపిల్లల మధ్య కూర్చోబెడితే బెంచీ విరుగుతుంది" అని నాన్న వేళాకోళం చేశాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి కదా అని బ్రష్షు ఇచ్చాడు. నాకూ అదే బాగుంది.

మా కొట్లో పని జరిగే తీరు చెప్పాలి. అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. ముందు నీలం పొడి అద్దిన దారం రేకు మీద రెండు వైపులా లాగి పట్టుకుని మధ్యలో వేలితో ఎత్తి వదిలితే, టప్పుమని గీత పడుతుంది. ఆ గీతల మధ్య నాన్న అక్షరాల పొట్టలు గీస్తాడు. పొట్టలంటే అక్షరం ఒళ్ళు, అంతే. తలకట్టు ఉండదు, గుడి ఉండదు, కొమ్ము ఉండదు, వత్తు ఉండదు. నేను వెడల్పు బ్రష్షుతో ఆ పొట్టలు నింపుతాను. బోర్డంతా అయ్యాక ఆయన ఉడత వెంట్రుకల సన్న బ్రష్షు తీసి తలకట్లూ గుళ్ళూ కొమ్ములూ అన్నీ ఒక్క విడతలో పెట్టుకుంటూ పోతాడు. ఆ బ్రష్షు ఒక్కటే ఉండేది. మాటిమాటికీ కడిగితే వెంట్రుకలు ఊడతాయి. అందుకని ముందు ఒళ్ళు, చివర తలలు. అదే మా ఇంటి పద్ధతి. ప్రపంచంలో అందరూ అలాగే చేస్తారనుకునేదాన్ని.

తలలు లేని బోర్డుని ఎవరికీ చూపించేవాడు కాదు. గోనె పట్టా కప్పేవాడు. ఆఖరి తలకట్టు ఒక్కటి వదిలి కొట్టు ఓనరుని పిలిపించేవాడు. ఓనరు చెప్పులు విప్పి వచ్చి, బ్రష్షు పట్టుకుని, తన చేత్తో ఆ తలకట్టు పెట్టాలి. అది శుభమని నాన్న నమ్మకం. ఓనర్లకి భలే సరదా. సేట్లూ నవాబుగార్లూ కూడా నాలుక కొరుక్కుంటూ వణికే చేత్తో పెట్టేవాళ్ళు. అది వంకరగానే పడేది. "అద్భుతం" అనేవాడు నాన్న. ఓనరు వీపు తిప్పగానే టర్పెంటైన్ గుడ్డతో తుడిచేసి తాను సరిగ్గా పెట్టేవాడు. ఆ గుడ్డ ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉండేది. వంకర గీత కనిపిస్తే ఆయనకి అన్నం దిగదు.

నేను నెమ్మదస్తురాలిని కాదు. స్టేషన్ ముందు టాంగా నిలిపి కునుకు తీసే తాతొకాయన ఉండేవాడు, ఎప్పుడూ తెల్ల అంగీయే. ఆయన వీపు వెడల్పు చూస్తే నా చెయ్యి ఊరుకోలేదు. బేకరీ అమ్మాయి చేత దారం రెండో కొస పట్టించి టప్పుమనిపించాను. వీపు మీద నీలం గీత, ఈ భుజం నుంచి ఆ భుజానికి. ఆ గీతతోనే సాయంత్రం దాకా ఊరంతా సవారీలు కొట్టి వచ్చి, "ఎవర్రా నా వీపు మీద రోడ్డేసిండ్రు?" అని మా కొట్టు ముందు అరిచాడు. నాన్న బయటికొచ్చి ముందు గీత చూశాడు. "తిన్నగా పడింది" అన్నాడు. ఆ తర్వాతే నా చెవి మెలిపెట్టాడు.

అదే కాంపౌండులో, బావికి ఆ పక్క గదిలో టీచరమ్మ ఉండేది. మెదక్ వైపు క్రైస్తవురాలు. చిన్న బళ్ళో పాఠాలు చెప్పేది. ఒంటరి మనిషి, తెల్ల చీర, గట్టి గొంతు. ఆదివారం చర్చి నుంచి వస్తూ ఒకరోజు మా కొట్టు ముందు ఆగింది. నేను నేల మీద కూర్చుని బోర్డు నింపుతున్నాను.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా?"

"ఎరుపు వేస్తున్నానండీ."

"ఎరుపు నాకు గూడ కనవడుతుంది. ఏమున్నదని అడుగుతున్న."

"తెలీదండీ. నాన్నకి తెలుసు."

ఆమె గుమ్మంలోకి వచ్చి నా ముందు చతికిలబడింది. "గదేంది పిల్లా! చేతుల ఉన్నది ఏందో తెల్వకుండనే పూస్తున్నవా? రేపు ఎవడన్న నిన్ను తిట్టి బోర్డు రాయిస్తే గది గూడ గింత ముద్దుగ నింపుతవా?"

నాకు కోపం వచ్చింది. నాన్నకి నవ్వొచ్చింది. "చెల్లెమ్మా, మరి నువ్వే చెప్పు దానికి" అన్నాడు. ఏదో మాటవరసకి అన్నాడు. ఆమె మాటవరసకి వినే మనిషి కాదు. ఆ సాయంత్రమే నన్ను పట్టుకుని నాంపల్లి నుంచి ఆబిడ్స్ దాకా నడిపించింది. ప్రతి బోర్డు ముందు నిలబెట్టి శబ్దం చెప్పించింది. అక్షరాలు నా చేతికి ముందే తెలుసు, నోటికి కొత్త. మిఠాయి కొట్టు, మందుల కొట్టు, గడియారాల కొట్టు. "ఇది నేను నింపిందే!" అని నడివీధిలో గంతులేశాను. "నింపినవ్ సరే, సదువు" అంది టీచరమ్మ.

అలా ఎదిగాక పలక పట్టాను. చిన్నపిల్లల బెంచీ విరగలేదు. టీచరమ్మ వెంటపడి తరగతులు దాటించింది. హైస్కూలుకి వచ్చేసరికి క్లాసులో అందరికంటే పొడుగు నేనే. అక్కడ డ్రాయింగు ఒక సబ్జెక్టుగా తీసుకోవచ్చన్నారు. ఇంకేం, చెయ్యెత్తేశాను. టీచరమ్మ బళ్ళో ఒక డ్రాయింగు టీచరు ఉండేది. చేతికి గడియారం, కూర్చోవడానికి పేము కుర్చీ. ఆమె లోపలికొస్తే అందరూ లేచేవారు. నాకు ఆ కుర్చీ కావాలి. దానికి ట్రైనింగు కావాలి, ట్రైనింగుకి హైస్కూలు ఆఖరి పరీక్షలో ఈ సబ్జెక్టు పాసవ్వాలి. ప్రాక్టికల్‌లో ఎన్ని మార్కులొచ్చినా థియరీ విడిగా పాసవ్వాలి. అది నేను లెక్కలోకి తీసుకోలేదు. రంగుల మధ్య పెరిగినదానికి రంగుల గురించి చెప్పేదేముందిలే అనుకున్నాను.

మా డ్రాయింగ్ సార్ సన్నటి మనిషి. సుద్దముక్క చెవి మీద పెట్టుకునేవాడు. ఆరునెలల పరీక్ష పేపర్లు ఇచ్చిన రోజున నాదొక్కటీ ఆఖర్న తీశాడు. ఒకసారి దూరంగా పట్టుకుని చూశాడు, ఒకసారి తలకిందులు చేసి చూశాడు.

"ఏందమ్మా ఇది? ఏ భాష?"

"తెలుగే సార్."

"మరి గీ అక్షరాలకు తలకాయలేవి?"

నేను పరీక్షకి రెండు పెన్నులు తీసుకుపోయాను. ఒకటి వెడల్పు పాళీ, ఒకటి సన్న పాళీ. పేజీలకు పేజీలు పొట్టలు వేశాను, ముత్యాల్లా వేశాను. ఇక సన్న పాళీ తీసి తలలు పెడదామనుకునేసరికి గంట కొట్టారు. కాగితం లాక్కున్నారు. అందులో 'క' ఏదో 'కి' ఏదో 'కు' ఏదో దేవుడికి కూడా తెలియదు.

"ఆఖర్న పెడదామనుకున్నాను సార్."

"ఆఖర్న అంటే ఎప్పుడమ్మా? రిజల్టు వచ్చినంకనా?"

క్లాసంతా గొల్లుమంది. సార్ నవ్వలేదు. కాగితం నా ముందు పెట్టి మెల్లగా అన్నాడు. "నీ కూజా బొమ్మ చూసి నేను మా ఇంట్ల చెప్పుకున్న, గిట్లాంటి పిల్ల ఉందని. గానీ దిద్దేటోళ్ళకు నువ్వెవరో తెల్వదు. సదవరాకపోతే సున్న కొడ్తరు. బొమ్మల ఫస్టు, రాతల సున్న అయితే నువ్వు ఫెయిలే."

ఇంటికెళ్ళి నాన్నకి చూపించాను. ఆయన కాగితాన్ని వెలుతురుకి పట్టి శ్రద్ధగా చూశాడు. "ఖాళీలు సమానంగా పడ్డాయే. పొట్టలు బ్రహ్మాండంగా కుదిరాయి. దీనికి సున్నా ఏమిటి? వాడికి కళ్ళున్నాయా?"

బావి దగ్గర గిన్నెలు తోముతున్న టీచరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. "అన్నా, నీ బోర్డు రోడ్డు మీద పోయెటోళ్ళు చూసేటందుకు. ఇది ఒగడు కూసోని సదివేటందుకు. రెండూ ఒకటి గాదు."

"అక్షరం అక్షరమే కదమ్మా."

"గట్లయితే నువ్వే సదువు."

నాన్న మొదటి వరస మీద వేలు పెట్టాడు. పెదాలు కదిలించాడు. వేలు వెనక్కి తెచ్చాడు. మళ్ళీ మొదలెట్టాడు. తర్వాత కాగితం మడిచి నాకిచ్చి, నా మొహం చూడకుండా అన్నాడు. "సరే. ఈ పరీక్ష పాసైతే ట్రైనింగుకి పంపిస్తాను. నా మాట తప్పను. తప్పావో, కొట్లో కూర్చోవాలి. మళ్ళీ రాస్తాను, ఇంకోసారి రాస్తాను అంటే కుదరదు. నాకూ చెయ్యిసాయం కావాలి."

కొట్టు అంటే నాకు చిన్నతనం లేదు. అదే నాకు తిండి పెట్టింది. కానీ అక్కడ కూర్చుంటే జీవితమంతా ఇంకొకరి పేర్లకి పొట్టలు నింపుతూ పోవాలి. నాకది వద్దు. అంత స్పష్టంగా వద్దనుకున్నాను.

ఆ రోజే టీచరమ్మ నా సన్న పాళీ పెన్ను లాక్కుని తన పెట్టెలో పడేసింది. "ఒక్కటే పెన్ను. అక్షరం పుట్టంగనే తలకాయతోని పుట్టాలె" అంది. చెప్పినంత తేలిక కాదు. చెయ్యి మాట వినదు. మెదడు 'రంగు' అంటుంది, చెయ్యి రెండు పొట్టలు వేసి తర్వాతి మాటకి ఉరుకుతుంది. ఒక వాక్యం రాసేసరికి నుదురు తడిసేది. రాసింది చూస్తే ఏడుపొచ్చేది. కోడి గెలికినట్టు ఉండేది. అంత ముద్దైన అక్షరం వేసే చేతితో ఇంత అసహ్యమైన రాత రాయాలా అని ఒకరోజు పలక విసిరేశాను.

"అసయ్యంగ ఉంటే ఉండనీ. సదవస్తుందా లేదా?" అంది టీచరమ్మ, ఆ పలక తెచ్చి మళ్ళీ నా ఒళ్ళో పెడుతూ.

ఆమె ఇంట్లో గడియారం లేదు. కాబట్టి అన్నమే గడియారం. కట్టెల పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం పోసి, ప్రశ్న చెప్పేది. అన్నం వార్చేలోగా జవాబు పూర్తవ్వాలి. కాకపోతే ఆ అన్నంలో నాకు ముద్ద లేదు. ప్రాథమిక వర్ణాలు, ద్వితీయ వర్ణాలు, వేడి రంగులు, చల్లని రంగులు, వెలుగునీడలు, అజంతా గుహల గోడలు. సార్ చెప్పించిన నోట్సు అంతా ఆ పొయ్యి ముందే నా బుర్రలోకి వెళ్ళింది. బియ్యం తెర్లుతుంటే ఒక వాసన, ఉడుకుతుంటే ఒక వాసన, ఇక వార్చాలి అన్నప్పుడు ఇంకో వాసన. ఆ మూడో వాసన ముక్కుకి తగిలితే నా చెయ్యి దానంతటదే పరుగెత్తేది.

ఒకసారి తెలివి చూపించాను. ఆమె పచ్చి పులుసుకి చింతపండు పిసకడానికి లోపలికెళ్ళగానే పొయ్యిలోంచి రెండు కట్టెలు వెనక్కి లాగేశాను. జవాబు హాయిగా, తీరిగ్గా రాశాను. అక్కడక్కడా పొట్టలు కూడా కుదిరించాను. ఆమె వచ్చి చూసి తెగ సంతోషించింది. గిన్నె దింపింది, వార్చింది, వడ్డించింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం ఆపింది. నేను తల వంచుకుని పలుకులు నములుతున్నాను.

"బియ్యం మంచిగ లేనట్టున్నయ్ కదా బిడ్డా?"

"అవునండీ."

"గింజ గింజ పటపటమంటుంది."

"అవునండీ."

"తిను. మొత్తం తినాలె. కట్టెలు లాగినదానికి పండ్లు గట్టిగనే ఉంటయ్."

మొత్తం తినిపించింది. ఆ రాత్రంతా కడుపులో రాళ్ళు దొర్లాయి. ఆ తర్వాతి ఆదివారం మాత్రం చర్చి నుంచి వస్తూనే తలకాయ కూర వండి నన్ను పిలిచింది. "తిను, తిని నీ అక్షరాలకు గిన్ని తలకాయలు పెట్టు" అని తానే పడీ పడీ నవ్వింది. ఆ కూర ఘాటు ఇప్పటికీ నాలుక చివర ఉంది. మిరియాలు దంచి వేసేది.

ఇంట్లో నాన్నతో వేరే యుద్ధం. నేను గట్టిగా చదివితే ఆయన బోర్డు మీద నుంచి తల ఎత్తకుండానే అడ్డుపడేవాడు. "ఎరుపు వేడి, నీలం చల్లన అని ఎవరు చెప్పారే? మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టిన నీలం డబ్బా పట్టుకుని చూడమను ఆ పుస్తకం రాసినాయన్ని."

"కంటికి అలా అనిపిస్తుందని నాన్నా."

"కంటికనిపిస్తే కన్ను కాలుతుందా?"

పర్‌స్పెక్టివ్ పాఠం కోసం సార్ మమ్మల్ని స్టేషన్ వంతెన మీదికి తీసుకుపోయి పట్టాలు చూపించాడు. దూరంగా పోయిన కొద్దీ దగ్గరై ఒక చుక్క దగ్గర కలుస్తాయి, అది రాయాలి. ఆ సాయంత్రం అదే చదువుతుంటే నాన్న బ్రష్షు కింద పెట్టేశాడు. "పట్టాలు కలుస్తాయని రాస్తావా? పరీక్షలో? కలిస్తే రైలెలా పోతుంది? ఊరి పరువు తీస్తావే!" మా అమ్మ లోపలి నుంచి "పోనిద్దురూ, అక్కడిదాకా వెళ్ళి చూసొచ్చిందెవరు?" అంది. ఆ వాదన ఆ ఇంట్లో ఎన్నటికీ తెగలేదు.

ఇంతలో ఏటా పెట్టే ఎగ్జిబిషన్, నుమాయిష్ వచ్చింది. నాంపల్లి మైదానంలో నుమాయిష్ అంటే ఊరికి తిరునాళ్ళు, మాకు పని. ప్రతి స్టాలుకీ బోర్డు కావాలి, అందరికీ నిన్ననే కావాలి. నేను అలవాటుగా వెళ్ళి బ్రష్షు తీస్తే నాన్న నా చేతిలోంచి లాక్కున్నాడు. "ఇక్కడేం పని నీకు? పో, పొయ్యి దగ్గరికి పో." ఆ ఏడు పొట్టలు కూడా ఆయనే నింపుకున్నాడు. నడుం పట్టేసి గోడకి ఆనుకుని లేచేవాడు. బేకరీ వాళ్ళు పంపిన చాయ్ చల్లారిపోయి పక్కన అలాగే ఉండేది. ఒక్కసారి కూడా నన్ను పిలవలేదు. మాట అంటే అదీ. గుమ్మం దాటుతూ నేను చూసేదాన్ని, చూసి మళ్ళీ టీచరమ్మ పొయ్యి ముందుకి పోయేదాన్ని. గుండె రాయి చేసుకున్నానని రాయను. నాకు పాసవ్వాలని ఉంది, అందుకే పోయాను.

పరీక్ష ఆబిడ్స్‌లో ఒక పెద్ద బళ్ళో పడింది. అమ్మ పెరుగన్నం పెట్టింది. టీచరమ్మ తల మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, కళ్ళు తెరిచి, "ఒక్కటే పెన్ను" అంది. నాన్న గేటు దాకా నడిచొచ్చాడు. గేటు మీది బోర్డు చూసి, "ఆ 'ప' కుడికి వాలింది. ఎవడో తొందరపడ్డాడు" అన్నాడు. నా వైపు తిరిగి, "నువ్వు తొందరపడు" అన్నాడు. అంతే, వెళ్ళిపోయాడు.

కాగితం ఇచ్చారు. మొదటి జవాబులు బాగానే పోయాయి. వేడి రంగులు రాశాను. పట్టాలు కలుస్తాయని కూడా ధైర్యంగా రాశాను. కోడి గెలికినట్టే ఉంది, కానీ ప్రతి అక్షరానికీ తల ఉంది. పేజీ తిప్పి తర్వాతి ప్రశ్న చూశాను. ప్రకటన బోర్డు మీద అక్షరాలు ఎలా అమర్చాలో, రంగులు ఎలా ఎంచుకోవాలో వివరించమన్నారు.

అది నా ప్రశ్న. హాలు మొత్తంలో నా ఒక్కదాని కోసమే అడిగినట్టుంది. నాకు ఒళ్ళు పొంగింది. పెన్ను ఎలా తిప్పానో తెలియదు. స్కేలు తీసి రెండేసి గీతలు గీశాను, మధ్య చూసుకున్నాను, మొదలుపెట్టాను. ఏళ్ళ తరబడి చేసిన పని చేతికి తిరిగొచ్చింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. కిందకి చూడటం లేదు, పక్కకి చూడటం లేదు. పేజీ నిండుతోంది.

అప్పుడు తగిలింది వాసన. బడి వెనక కాపలావాళ్ళ ఇళ్ళున్నాయి. అక్కడెవరో మధ్యాహ్నానికి అన్నం పెట్టారు. తెర్లే వాసన కాదు, ఉడికే వాసన కాదు. ఇక వార్చాలి అనే వాసన.

నా చెయ్యి ఆగింది. కాగితం చూసుకున్నాను. పేజీ నిండా తలల్లేని అక్షరాలు, వరసగా, సమానంగా, మహా అందంగా. ఆ అందం చూసి ఒళ్ళు చల్లబడింది. ఇంకా ఒక ప్రశ్న మొత్తం మిగిలి ఉంది. ఏడవడానికి తీరిక లేదు. ఆ పేజీ మొదటికి పోయి తలకట్లు కొట్టుకుంటూ వచ్చాను. గీశానో గీకానో తెలియదు. గుళ్ళు, కొమ్ములు, వత్తులు. సగం పేజీ దాకా వచ్చి, మిగతా సగం వదిలేసి, ఆఖరి ప్రశ్నకి దూకాను. రాస్తూనే ఉండగా గంట కొట్టారు. వెనక్కి తిప్పి ఇంకో నాలుగు తలలు పెట్టేలోపు కాగితం పోయింది.

ఇంటికొచ్చి ఎవరికీ ఏమీ చెప్పలేదు. టీచరమ్మ "ఎట్ల రాసినవ్?" అంటే "రాశాను" అన్నాను. ఎండాకాలమంతా నేను కొట్లోనే కూర్చున్నాను. నాన్న రమ్మనలేదు, నేనే కూర్చున్నాను. ఎలాగూ అలవాటు చేసుకోవాలి కదా అని. అంత మంచి ఎరుపు చేతిలో ఉన్నా ఆ వేసవి నాకు రంగే కనిపించలేదు.

ఫలితాలు పేపర్లో పడిన పొద్దున సార్ సైకిలు తొక్కుకుంటూ మా సందులోకి వచ్చాడు. సైకిలు దిగకుండానే ఒక కాలు గడప మీద పెట్టి అరిచాడు. "పాసైనవ్ పో! నెంబరుంది!"

మార్కులు వచ్చాక తెలిసింది, థియరీలో గట్టు అంచున నిలబడి పాసయ్యాను. ఇంకొంచెం జారితే లేదు. ఆ సగం పేజీ ఎవరో ఓపిగ్గా చదివారు. తలలున్న సగం చదివారో, తలల్లేని సగం ఊహించుకున్నారో నాకు తెలియదు. ఎవరైనా వాళ్ళ కడుపు చల్లగుండాలి. టీచరమ్మ నా నోట్లో గుప్పెడు చక్కెర పోసింది. మా అమ్మ ఏడ్చింది. నాన్న "ఊఁ" అన్నాడు, మళ్ళీ బోర్డు మీదికి వంగాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ "ఊఁ" కోసమా ఆ పచ్చి బియ్యం తిన్నది అనుకున్నాను.

రెండు మూడు రోజులు పోయాక పొద్దున్నే పిలిచాడు. కొట్టు మధ్యలో ఏదో చిన్నది, గోనె పట్టా కప్పి ఉంది. "చెప్పులు విప్పి రా" అన్నాడు. పట్టా తీశాడు. చిన్న రేకు. పసుపు మీద ఎరుపు, నల్ల నీడ. పైన నా పేరు. కింద 'డ్రాయింగ్ టీచర్'. అన్నీ ఉన్నాయి. 'చ' మీద తలకట్టు ఒక్కటి లేదు.

"ట్రైనింగే ఇంకా మొదలవలేదు నాన్నా."

"బోర్డు ముందు, కొట్టు తర్వాత. ఆబిడ్స్‌లో ఎవర్నైనా అడుగు." సన్న బ్రష్షు నా చేతికిచ్చాడు. "ఓనరువి నువ్వే. పెట్టు."

అన్ని నెలలు పెన్నుతో ఉరికిన చెయ్యి అది. బ్రష్షుని కూడా పెన్నులాగే పట్టుకుంది. తలకట్టు పెట్టాను. వంకరగా పడింది. మామూలు వంకర కాదు, పిచ్చుక తోకలా పైకి లేచింది. సేట్లు నయం.

నాన్న చేతిలో టర్పెంటైన్ గుడ్డ ఉంది. నేను కావాలనే వీపు తిప్పి నిలబడ్డాను, ఆయన తన పని తాను చేసుకోవాలని. కాసేపాగి తిరిగి చూశాను. గుడ్డ ఆయన భుజం మీద ఉంది. తలకట్టు అలాగే ఉంది.

తర్వాత ట్రైనింగు చేశాను, పేము కుర్చీలో కూర్చున్నాను, రిటైరయ్యేదాకా పిల్లలు లేచి నిలబడ్డారు. రాత మాత్రం కోడి గెలికినట్టే మిగిలిపోయింది, ముత్యాల అక్షరం మళ్ళీ నా చేతికి రాలేదు. నాకు చింత లేదు. ఇదంతా ఆ రాతతోనే రాశాను, మీరు చదువుతున్నారు. టీచరమ్మ పోయింది, నాన్న పోయాడు. ఆ సందులో బేకరీ వాసన కూడా పోయింది. బోర్డులు ఇప్పుడు మెషిన్లోంచి వస్తాయి, తలకట్లతో సహా ఒకేసారి.

ఆ ఆదివారం ఇంటికొచ్చాక మనవరాలిని వంటింట్లో కూర్చోబెట్టి, బియ్యం కడిగి కుక్కర్ పెట్టాను. "మూడు కూతలయ్యేలోగా ప్రాథమిక వర్ణాలు రాయి" అన్నాను. దాని అదృష్టం, గ్యాసు పొయ్యి. లాగడానికి కట్టెల్లేవు. సణుగుతూనే రాసింది. నేను దిద్దుతుంటే లేచి వరండాలోకి పోయి, గుమ్మం పక్క నా పేరున్న రేకు ముందు నిలబడి వేలు పెట్టి చూపించింది.

"అమ్మమ్మా, ముత్తాతయ్య అన్నీ ఇంత నీట్‌గా వేసి ఈ ఒక్క తలకట్టు ఇలా వంకరగా పెట్టారేంటి?"

"అది ఆయన పెట్టింది కాదు" అన్నాను. "ఓనరు పెట్టింది."